పాత ఎల్‌సీడీ మానిటర్ మసకబారింది, బ్రైట్‌నెస్ 100లో పెట్టినా వెలుగు చాలట్లేదు. ఏం చూడాలి?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

నమస్కారమండీ. మా నాన్నగారి దగ్గర 2010లో కొన్న 19 అంగుళాల ఎల్‌సీడీ మానిటర్ ఉంది. వెనక కంప్యూటర్ కేబుల్ పెట్టే వీజీఏ, డీవీఐ రెండు సాకెట్లూ ఉన్నాయి, మేం వాడేది వీజీఏ. కొన్ని నెలలుగా తెర బాగా మసకగా కనిపిస్తోంది. మెనూలో బ్రైట్‌నెస్ 100 పెట్టేశాం, ఇంక పెంచడానికి లేదు. పొద్దున్న ఆన్ చేసినప్పుడు మరీ ఘోరం, అక్షరాలు వెతుక్కోవాలి. కాసేపయ్యాక కొంచెం నయం. తెలుపు కూడా తెల్లగా లేదు, లేత గులాబీ రంగు కొడుతోంది. అప్పుడప్పుడు ఒక్క క్షణం తెరంతా వణికినట్టవుతుంది.

నాన్నగారికి డెబ్బై దాటాయి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలన్నీ ఆయనే చూస్తారు, పొద్దున్నే కూర్చోవడం అలవాటు. మొదట తన కళ్లకే ఏదో అయిందని చాలా టెన్షన్ పడ్డారు. డాక్టరు చూసి కళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఒక షాపుకి తీసుకెళ్తే ఆన్ కూడా చేయకుండానే కొత్తది కొనుక్కోమన్నారు. కొనలేక కాదండీ. దాని ఎత్తు, అందులో అక్షరాల సైజు ఆయనకి అలవాటైపోయాయి. అసలేం పాడైందో తెలుసుకోకుండా పారేయడం నాకూ ఇష్టం లేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

గాజువాక_నెట్

గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి గామా, బ్రైట్‌నెస్ పెంచి చూడండి. మా జెరాక్స్ షాపులో మానిటర్ కూడా ఈమధ్య ఇలాగే మసకబారింది. నేను గామా పెంచి నెట్టుకొస్తున్నాను. తెల్లటి పేజీ మాత్రం అలాగే ఉంది, ఫొటోలే కొంచెం తేటపడ్డాయి.

డాబాగార్డెన్స్_టంకం

ఇద్దరూ సెట్టింగ్స్ జోలికి పోకుండా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

మానిటర్ మసకగా ఉందంటే రెండింట్లో ఒకటి. తెర వెనక ఉన్న దీపం వెలుగు తగ్గి ఉండాలి, లేదంటే కంప్యూటర్ నుంచి వచ్చే బొమ్మే పలచగా వస్తుండాలి. ఈ రెండూ వేరువేరు జబ్బులు, మందులు కూడా వేరే. ఇది తేలకముందు పైసా ఖర్చు పెట్టొద్దు.

తేల్చుకోవడం సులువు. వెనక వీజీఏ కేబుల్ పీకేయండి. "నో సిగ్నల్" అని మానిటర్ తనంతట తానే ఒక పెట్టె చూపిస్తుంది. లేదా బటన్ నొక్కి దాని మెనూ తెరవండి. ఆ మెనూలో అక్షరాలు కంప్యూటర్ నుంచి రావు, మానిటర్ లోపలే తయారవుతాయి. మెనూ కూడా అంతే మసకగా, అంతే గులాబీగా ఉంటే తప్పు దీపానిదే. మెనూ ధగధగా మెరుస్తూ, దాని వెనక డెస్క్‌టాప్ ఒక్కటే నీరసంగా ఉంటే కేబులో, కంప్యూటరో, మధ్యలో పెట్టిన ఇంకేదో కారణం.

గామా గురించి ఒక మాట. అది నలుపుకీ తెలుపుకీ మధ్యలో ఉన్న ఛాయల్ని పైకి లాగుతుంది, అంతే. తెలుపు అప్పటికే ఆఖరి మెట్టు మీద ఉంటుంది, దాన్ని దాటించలేదు. గాజువాక గారి తెల్ల పేజీ మారకపోవడానికి కారణం అదే. దీపం తగ్గితే సాఫ్ట్‌వేర్‌తో పెరగదు. లైనక్స్‌లో ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్‌తో వచ్చే బ్రైట్‌నెస్ ఆప్షన్ కూడా ఇలాంటిదే, దీపాన్ని ముట్టుకోదు.

సాగరతీరం గారూ, మీ నాన్నగారి గది తూర్పు ముఖమా? మన విశాఖలో సముద్రం వైపు కిటికీ ఉంటే పొద్దున ఆరున్నరకే గదంతా ఎండ. ఆ వెలుతుర్లో మంచి మానిటర్ కూడా వెలవెలబోతుంది. అందుకని పరీక్ష ఒకసారి రాత్రి చేయండి, ఒకసారి పొద్దున్న కర్టెన్లు వేసి చేయండి.

ఫొటో_సీతమ్మధార

పై పరీక్షకి తోడు ఇంకొకటి. కంటిని నమ్మకండి, కన్ను వెలుతురుకి సర్దుకుపోతుంది. ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే శక్తి) 100, షట్టర్ (వెలుగు పడనిచ్చే సమయం) సెకనులో 1/30 వంతు దగ్గర బిగించి, తెరమీద తెల్ల పేజీ పెట్టి ఆన్ చేయగానే ఒక ఫొటో తీయండి. అరగంట తర్వాత అదే దూరం నుంచి, అవే సెట్టింగ్స్‌తో ఇంకోటి. గదిలో లైట్లు ఆపేసి తీయాలి. రెండూ పక్కపక్కన పెడితే ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. షట్టర్ మరీ వేగంగా పెడితే దీపం మినుకుల వల్ల చారలు పడతాయి, అందుకే 1/30.

అలాగే మెనూలో డీసీఆర్, డైనమిక్ కాంట్రాస్ట్, ఈకో లాంటివి ఏవైనా ఆన్‌లో ఉంటే ఆపేయండి. బొమ్మని బట్టి దీపాన్ని తగ్గించేది అవే. చాలా మోడళ్లలో ఈకో ఆన్‌లో ఉంటే బ్రైట్‌నెస్ గీత అసలు కదలదు. 100 ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పని చేయదు.

ఎల్‌సీడీలో మామూలుగా బ్రైట్‌నెస్ అంటే వెనక దీపం, కాంట్రాస్ట్ అంటే బొమ్మ బలం. పాత డబ్బా మానిటర్లలో అలా కాదు, అక్కడ బ్రైట్‌నెస్ నలుపు ఎంత నల్లగా ఉండాలో చెప్పేది. ఆ అలవాటున్న పెద్దవాళ్లు ఎల్‌సీడీలో కాంట్రాస్ట్‌ని చివరిదాకా తోసేస్తారు. అప్పుడు లేత రంగులన్నీ తెలుపులో కలిసిపోతాయి, ఎక్సెల్‌లో లేత గడుల గీతలు మాయమవుతాయి. కాంట్రాస్ట్ ఫ్యాక్టరీ విలువకి తెచ్చేయండి.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

అందరికీ థాంక్సండీ. పరీక్షలు చేశాం.

గది తూర్పు ముఖమే. కిటికీ సరిగ్గా ఆయన వీపు వెనక ఉంది, ఎండ నేరుగా తెర మీదే పడుతుంది. టేబుల్ పక్క గోడకి జరిపించాం, అక్షరాలు కొంత తేలికగా కనిపిస్తున్నాయని నాన్నగారు అన్నారు. కానీ మసక పోలేదు. రాత్రి చీకట్లో కేబుల్ పీకి చూస్తే "నో సిగ్నల్" పెట్టె కూడా అదే మసక, అదే గులాబీ. ఈకో, డీసీఆర్ రెండూ ఆఫ్‌లోనే ఉన్నాయి. ఫొటోల్లో ఆన్ చేయగానే తీసినదీ, అరగంట తర్వాత తీసినదీ చూస్తే తేడా చాలా ఉంది. మొదటిదాంట్లో కింది అంచు దగ్గర మరీ ఎర్రగా ఉంది. వణకడం కూడా ఆన్ చేసిన కొత్తలోనే ఎక్కువ.

డాబాగార్డెన్స్_టంకం

అయితే జబ్బు దీపం వైపే. కంప్యూటర్‌నీ కేబుల్‌నీ వదిలేయండి.

2010 నాటి 19 అంగుళాల మానిటర్‌లో చాలావరకు ఎల్‌ఈడీ ఉండదు, సీసీఎఫ్‌ఎల్ ట్యూబులుంటాయి. పెన్సిల్ కంటే సన్నటి గాజు గొట్టాలు. ఈ సైజులో తరచుగా నాలుగుంటాయి, పైన రెండు, కింద రెండు. ఇంట్లో ట్యూబులైటుకి బుల్లి తమ్ముళ్లనుకోండి. లోపల పాదరసం ఆవిరి, నియాన్, ఆర్గాన్ ఉంటాయి. పాదరసం ఆవిరి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు గొట్టం లోపలి పూతకి తగిలితే తెల్ల వెలుగు వస్తుంది. గొట్టం చల్లగా ఉంటే ఆవిరి తక్కువ, వెలుగు తక్కువ. అందుకే పొద్దున్న మసక, వేడెక్కాక నయం. ముసలైన ట్యూబులో పాదరసం తగ్గిపోతుంది, అప్పుడు నియాన్ ఎరుపు బయటపడుతుంది. మీకు కనిపించే గులాబీ అదే. కింది అంచు ఎర్రగా ఉందంటే కింది ట్యూబుల్లో ఒకటి బాగా అరిగింది.

ఈ ట్యూబుల ఆయుష్షు మామూలుగా 30,000 నుంచి 50,000 గంటలని చెబుతారు. అన్ని గంటలకి ఆరిపోతుందని కాదు, వెలుగు సగానికి పడుతుందని. రోజుకి ఎనిమిది గంటలు వాడితే 40,000 గంటలకి పదమూడేళ్లు దాటుతుంది. మీ మానిటర్ ఆ వయసులోనే ఉంది.

కానీ వణుకు ఉందన్నారు చూశారా, దాన్ని నేను వదిలిపెట్టను. అరిగిన ట్యూబు మసకగా, రంగు మారి వెలుగుతుంది కానీ మామూలుగా తెరంతా ఒక్కసారి వణకదు. తెరంతా వణికిందంటే మానిటర్ లోపలే ఉండి ట్యూబులకి కరెంటు పంపే ఇన్వర్టర్‌కి సరైన సప్లై అందట్లేదేమో చూడాలి. ఆ కాలం మానిటర్ల పవర్ బోర్డులో మొదట పోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, అంటే కరెంటుని నిలవచేసి నిలకడగా అందించే బుల్లి డబ్బాలు. 1000 మైక్రోఫారడ్ 25 వోల్టు, 470 మైక్రోఫారడ్ 25 వోల్టు లాంటివి. తల ఉబ్బుతుంది, లేదంటే కింద గోధుమరంగు జిగురు కారుతుంది. అవి నీరసిస్తే ఇన్వర్టర్ నీరసిస్తుంది, ట్యూబులు మరీ మసకబారతాయి. అంటే మీ మసకలో కొంత ట్యూబుల వయసు, కొంత కెపాసిటర్లు అయ్యుండొచ్చు. రెండోది చాలా తక్కువ ఖర్చుతో పోతుంది.

ఇంకో లక్షణం కూడా గుర్తుపెట్టుకోండి. ఆన్ చేయగానే బొమ్మ వచ్చి రెండు సెకన్లలో నల్లగా అయిపోతే, టార్చి కొట్టి దగ్గరగా చూడండి. లోపల బొమ్మ లీలగా కనిపిస్తే ప్యానెల్ బాగున్నట్టే, ఇన్వర్టర్ ఏదో తేడా కనిపెట్టి తనను తాను ఆపేసుకుంది.

ఉక్కునగరం_ఎలక్ట్రికల్

నేను స్టీల్‌ప్లాంటులో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పైన చెప్పిన రోగనిర్ధారణ సరిగ్గా ఉంది. అయితే బాబూ, ఇది విప్పేముందు నా మాట వినండి.

మన 230 వోల్టుల ఏసీ లోపలికి వెళ్లి డీసీ అయ్యాక సుమారు 325 వోల్టులవుతుంది. అది పవర్ బోర్డు మీద ఉన్న పెద్ద కెపాసిటర్లో కూర్చుంటుంది, దాని మీద 400 అనో 450 అనో రాసి ఉంటుంది. ప్లగ్ పీకినా అది ఖాళీ కావడానికి టైం పడుతుంది. పాడైన బోర్డులో గంటల తరబడి కూడా నిలవొచ్చు. ప్లగ్ పీకాక కనీసం అరగంట ఆగి, మల్టీమీటర్ డీసీ మీద పెట్టి దాని కాళ్ల మధ్య కొలిచి, ఐదు వోల్టులకంటే తక్కువుంటేనే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి మెరుపు తెప్పించే అలవాటు కొందరికుంది, దయచేసి అది చేయకండి, కళ్లు పోతాయి. ఇన్వర్టర్ మరీ ప్రమాదం. ట్యూబు వెలగడానికి వెయ్యి వోల్టులు దాటి కావాలి, వెలిగాక కూడా వందల వోల్టులు నడుస్తాయి. మూత తీసి ఉండగా కరెంటు ఇవ్వొద్దు.

మీటర్ పట్టుకోవడం రాకపోతే రిపేరు తెలిసినవాళ్లకి ఇచ్చేయండి. దానికి సిగ్గుపడక్కర్లేదు.

మన ఊరి గురించి ఒకటి చెప్పాలి. తీరం దగ్గర ఇళ్లలో ఉప్పుగాలి, తేమ బోర్డుల మీద దుమ్ముతో కలిసి పొరలా పేరుకుంటుంది. ఇన్వర్టర్ లాంటి హైవోల్టేజి చోట ఆ పొర గుండా కరెంటు పాకుతుంది. చీకట్లో చెవి పెడితే సన్నగా బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పగిలి వానజల్లు టేబుల్ మీదికి కొట్టింది. పైకి ఆరిన మానిటర్ వారానికి మొరాయించింది. విప్పితే ఇన్వర్టర్ దగ్గర రాగి గీతలు పచ్చబడి ఉన్నాయి. మీరు విప్పినప్పుడు కెపాసిటర్లే కాదు, అక్కడ పచ్చ, తెలుపు బూజు ఉందేమో కూడా చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి.

మధురవాడ_ఐటీ

అంత కష్టం అవసరమా అండీ? ఇప్పుడొచ్చే ఎల్‌ఈడీ మానిటర్లు కరెంటు కూడా తక్కువ తాగుతాయి. పెద్దాయన కళ్లకి కూడా మంచిది కదా.

ఫొటో_సీతమ్మధార

కరెంటు విషయం నిజమే. కళ్ల విషయంలో మాత్రం కొంచెం ఆగాలి. కొన్ని ఎల్‌ఈడీ మానిటర్లలో బ్రైట్‌నెస్ తగ్గించడమంటే దీపాన్ని సెకనుకి వందలసార్లు ఆర్పి వెలిగించడం. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. తెల్ల తెర ముందు పెన్ను పట్టుకుని అటూ ఇటూ వేగంగా ఊపితే నీడ ముక్కలుముక్కలుగా కనిపిస్తే ఆ రకం. కొనేటప్పుడు ఫ్లికర్-ఫ్రీ అని రాసి ఉన్నది చూసి, షాపులోనే బ్రైట్‌నెస్ తగ్గించి పెన్ను ఊపి చూసుకుని తీసుకోవాలి. కొనొద్దని కాదు, ముందు ఇది తేలనిద్దాం.

గాజువాక_నెట్

మెనూ పరీక్ష నేనూ చేశాను. నాది తిరగబడింది! మెనూ తెల్లగా, స్పష్టంగా ఉంది. వెనక విండోస్ ఒక్కటే నీరసం. గామా మళ్లీ మామూలుకి తెచ్చేశాను. నా దగ్గర ఒకే కంప్యూటర్‌కి రెండు మానిటర్లు, ఒకటి నాకు, ఒకటి కౌంటర్ అవతల కస్టమర్ చూసుకోవడానికి. ఒక వీజీఏ పోర్టు నుంచి రెండుగా చీలే వై కేబుల్ పెట్టాను. మసక మొదలైంది ఆ తర్వాతే అనిపిస్తోంది. రెండూ మసకే.

డాబాగార్డెన్స్_టంకం

దొరికింది. వీజీఏలో ఎరుపు, పచ్చ, నీలం మూడూ మూడు తీగల్లో వోల్టేజిగా వెళ్తాయి. పూర్తి వెలుగంటే 0.7 వోల్టు. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు ఒక్క మానిటర్‌ని, అంటే 75 ఓమ్‌ల లోడుని లెక్కపెట్టుకుని ఆ 0.7 ఇస్తుంది. వై కేబుల్‌తో రెండు మానిటర్లు తగిలిస్తే లోడు రెట్టింపై అది దాదాపు 0.47కి పడుతుంది, అంటే మూడింట రెండొంతులు. రెండు తెరలూ మసకబారక ఏం చేస్తాయి. వై కేబుల్ తీసేసి ఒకే మానిటర్ పెట్టి చూడండి, వెంటనే తెల్లబడాలి. రెండూ కావాలంటే అడాప్టర్‌తో కరెంటు తీసుకునే వీజీఏ స్ప్లిటర్ డబ్బా కొనండి, అందులో సిగ్నల్‌ని మళ్లీ పెంచే సర్క్యూట్ ఉంటుంది. కార్డుకి రెండో పోర్టు ఉంటే అసలు డబ్బా కూడా అక్కర్లేదు, డూప్లికేట్ మోడ్ పెట్టుకోవచ్చు.

భీమిలి_టీచర్

మా స్కూలు ల్యాబ్‌లో కొత్త సీపీయూలు, పాత మానిటర్లు. హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న ఒక మానిటర్‌లో మసక అనలేను కానీ నలుపు బూడిదలా, రంగులు వెలిసినట్టు ఉన్నాయి. మెనూ బాగుంది. ఇదీ సిగ్నల్ జబ్బేనా?

ఫొటో_సీతమ్మధార

అవును టీచర్ గారూ. హెచ్‌డీఎమ్‌ఐలో కార్డు మీ మానిటర్‌ని టీవీ అనుకుని 16 నుంచి 235 వరకే ఛాయల్ని పంపుతోంది. మానిటర్ 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) ఆశిస్తోంది. దాంతో నలుపు బూడిదవుతుంది, తెలుపు కాస్త తగ్గుతుంది. గ్రాఫిక్స్ కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ లేదా క్వాంటైజేషన్ రేంజ్ అని ఉంటుంది. లిమిటెడ్ నుంచి ఫుల్‌కి మార్చండి. అక్కడ లేకపోతే మానిటర్ మెనూలో హెచ్‌డీఎమ్‌ఐ బ్లాక్ లెవెల్ లాంటి పేరుతో ఉంటుంది.

సాగరతీరం (ఎంవీపీ కాలనీ)

మాకు మీటర్ పట్టుకోవడం తెలియదు కాబట్టి డాబాగార్డెన్స్ వైపు టీవీ బోర్డులు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. నాన్నగారు కూడా వచ్చి పక్కనే కూర్చున్నారు. మూత విప్పగానే కనిపించాయండీ, ఇన్వర్టర్ దగ్గర రెండు కెపాసిటర్లు తలలు ఉబ్బి ఉన్నాయి, ఇంకోదాని కింద గోధుమరంగు మరక. ఆయన పక్కనున్నవి కూడా మార్చేశారు. మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజి అంతకంటే తగ్గకూడదు, 105 డిగ్రీల వేడి తట్టుకునే లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) రకమే వేయాలి, మామూలువి వేస్తే మళ్లీ వస్తారు అని చెబుతూ చేశారు. ఉక్కునగరం గారు చెప్పిన తెల్ల బూజు కూడా కొంచెం ఉంటే తుడిచారు.

వణుకు పూర్తిగా పోయింది. వెలుగు బాగా పెరిగింది. మళ్లీ అవే సెట్టింగ్స్‌తో ఫొటో తీశాను, పాత ఫొటో పక్కన పెడితే నమ్మలేం. పొద్దున్న మొదటి కొన్ని నిమిషాలు కింది అంచు గులాబీ మాత్రం ఉంది, తర్వాత పోతోంది. నాన్నగారు నిన్న లెక్కలన్నీ కళ్లద్దాలు తుడుచుకోకుండా పూర్తి చేశారు. మీ అందరికీ ఆయన ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు.

రెండు ప్రశ్నలు. బ్రైట్‌నెస్ ఇంకా 100లోనే ఉంచాలా? ఆ కింది ట్యూబు పోతే ఏం చేయాలి? ఎల్‌ఈడీ స్ట్రిప్ వేయొచ్చని రిపేరాయన అన్నారు.

డాబాగార్డెన్స్_టంకం

చాలా సంతోషం. 100లో ఉంచొద్దు. టేబుల్ జరిపారు కాబట్టి అంత వెలుగు అక్కర్లేదు. తెల్ల పేజీ పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని చూడండి, రెండూ ఒకేలా ఉండేదాకా తగ్గించండి. బహుశా 60, 70 దగ్గర ఆగుతుంది. ట్యూబుల్లో కరెంటు తగ్గితే అరుగుదల కూడా తగ్గుతుంది.

ఎల్‌ఈడీ స్ట్రిప్ వేయొచ్చు. సన్నటి పట్టీలు, ఒక చిన్న డ్రైవర్ బోర్డు వస్తాయి. దానికి నాలుగు వైర్లు: సప్లై, గ్రౌండ్, ఆన్-ఆఫ్, బ్రైట్‌నెస్. ఆ చివరి రెండూ పాత ఇన్వర్టర్‌కి వెళ్లే చోటి నుంచే తీసుకోవాలి, అప్పుడే మెనూ బటన్లతో వెలుగు మారుతుంది. కష్టం వైర్లలో లేదు, ప్యానెల్ విప్పడంలో ఉంది. వెలుగుని పరిచే ప్లాస్టిక్ షీట్ల మధ్య ఒక్క దుమ్మురేణువు పడినా తెర మీద మచ్చ. ప్యానెల్ అంచున ఉండే రిబ్బన్ చిరిగితే ఇక బాగుచేయలేం. అందుకని ఇప్పుడు బాగున్నదాన్ని విప్పించకండి. గులాబీ అరగంట దాటి నిలిచినప్పుడో, ట్యూబు పూర్తిగా ఆరినప్పుడో ఆలోచించండి. ఆ రోజు పాత ట్యూబుల్ని చెత్తబుట్టలో వేయకుండా చూడండి. ఒక్కోదాంట్లో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. పగలకుండా కాగితంలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వాలి.

ఉక్కునగరం_ఎలక్ట్రికల్

ఇంకొకటి చేర్చండి. రాత్రి పడుకునేటప్పుడు మానిటర్ స్విచ్ గోడ దగ్గరే ఆపేయండి. స్టాండ్‌బైలో ఉన్నా పవర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ 325 వోల్టుల మీదే ఉంటుంది, ఐదు వోల్టుల సప్లై నడుస్తూనే ఉంటుంది. రాత్రంతా వాటిని కాల్చడం దేనికి? వెనక గాలి రంధ్రాలు గోడకి ఆనకుండా జానెడు దూరం పెట్టమని నాన్నగారికి చెప్పండి.

గాజువాక_నెట్

వై కేబుల్ తీసేశాను, కార్డుకి ఉన్న డీవీఐ పోర్టులోంచి రెండో మానిటర్ పెట్టాను. రెండూ తెల్లగా ఉన్నాయి. కస్టమర్ వైపు మానిటర్‌లో మాత్రం మెనూ కూడా కొంచెం పసుపు కొడుతోంది. పరీక్ష ప్రకారం ఇది దీపం వైపే కదా?

డాబాగార్డెన్స్_టంకం

ముందు మెనూలో కలర్ టెంపరేచర్ చూడండి, తెలుపు పసుపు వైపు ఉండాలా నీలం వైపు ఉండాలా చెప్పేది అదే. వార్మ్ లేదా 5000 కె ఉంటే 6500 కె పెట్టండి. చాలా మానిటర్లలో మెనూకి కూడా ఆ రంగు తగులుతుంది. అప్పటికీ పసుపు పోకపోతే ఫొటో పెట్టండి, మోడల్ నెంబరుతో సహా.